కట్టని తోరణాలు

జగిత్యాల
17 ఆగస్టు 2025, ఆదివారం

అత్తా,

ఫోన్ చేస్తే నీకు వినపడదు, వాట్సాప్ పెడితే నువ్వు చూడవు. ముప్పై ఏళ్ళు మగ్గాల చప్పుడు నీ చెవులు తింటే, ఇప్పుడు నా చేతికి పని పడింది. బడి వదిలాక ఇంత పొడుగు ఉత్తరం రాయడం ఇదే మొదలు. తప్పులుంటే దిద్దుకుని చదువు.

నాకు గది దొరికింది. ఖిల్లా వెనక సందులో మహమూదా బేగం అనే ఆమె ఇంటి మేడ మీద. నర్సింగ్‌హోమ్ రిసెప్షన్‌లో పొద్దంతా మనుషులే మనుషులు, పేరేంది, ఎన్నో నెల, ఫైలేది అని అడిగి అడిగి గొంతు ఎండిపోతుంది. సాయంత్రం గదికి వస్తే మాట్లాడడానికి గోడ ఒక్కటే. ఆ గోడకు కూడా చెమ్మ. మా నాన్న, అదే నీ తమ్ముడు, కోరుట్ల నుంచి వచ్చి చూసి, "గిదేం రూము బిడ్డా, గోడ ఏడుస్తున్నట్టే ఉన్నది" అన్నాడు. నవ్వాను గానీ ఆయన బస్సెక్కిపోయాక నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

గదిని ఇల్లు చేసుకోవాలని ఉంది అత్తా, పెద్దగా ఖర్చు లేకుండా. ప్రతి దీపావళికి నువ్వు మా ఇంటికి పంపే తోరణాలు గుర్తొచ్చాయి. మగ్గం మీద తెగిపడిన దారాలతో బంతిపూలు చేస్తావే, అవి. ముట్టుకునేదాకా నిజం పూలే అనుకునేవాళ్ళు మా వాడకట్టు వాళ్ళు. మాకే అట్లాంటివి పంపిన మనిషి ఇంట్లో పండుగ ఎట్లా ఉంటుందో అని చిన్నప్పుడు అనుకునేదాన్ని. ఓదెలు మామ ఉన్నప్పుడు రాఖీకి వచ్చేవాళ్ళం గానీ, దీపావళికి నీ ఇల్లు నేనెప్పుడూ చూడలేదు.

ఆ పూలు ఎట్లా చేయాలో రాయి. కాసిని దారాలు కూడా పంపు.

నీ కోడలు కాని కోడలు,
తేజస్విని


సిరిసిల్ల
24 ఆగస్టు

తేజూ,

నీ ఉత్తరం వచ్చేసరికి నేను మగ్గానికి నూలు కండెలు చుడుతున్నాను. చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని మరీ విప్పాను. ఈ ఇంటికి కరెంటు బిల్లు తప్ప కాగితం వచ్చి చాలా రోజులైంది.

దారాలు బస్సు పార్సిల్‌లో పంపుతున్నాను. పసుపు, నారింజ, ఆకుపచ్చ వేరువేరుగా కట్టాను, కలగలపకు. ఎడమచేతి నాలుగు వేళ్ళకు నలభై చుట్లు చుట్టు. నడుమ గట్టిగా ముడి వేసి, రెండు పక్కలా కత్తిరించి, అరచేతిలో వేసి దులుపు. బంతిపువ్వు దానంతటదే విచ్చుకుంటుంది. ముడి వదులైతే పువ్వు రాలిపోతుంది, అందుకని పళ్ళతో లాగు. నేనైతే ఇప్పుడు లాగలేను, ముందు పన్ను ఊగుతోంది.

చెమ్మ గోడకు కాగితాలు అంటించకు, నాలుగు రోజుల్లో బూజు పడుతుంది. పాత చీర ఒకటి గంజి పెట్టి, కర్రకు కుట్టి, గోడకు జానెడు ఎడంగా వేలాడదీయి. వెనక గాలి ఆడాలి. ఖాళీ కండెలు ఇరవై పెట్టాను. రంగు వేసి దండ గుచ్చితే కిటికీకి బాగుంటుంది.

నా సంగతి అడగలేదు గానీ చెబుతాను. బాగానే ఉన్నాను. తలుపు చప్పుడు వినపడదు, అయినా ఎవరైనా గట్టిగా తడితే నేల అదురుతుంది, నా అరికాలుకు తెలుస్తుంది. పాలామె ఎవరు, పోస్టుమాన్ ఎవరు, చెయ్యిని బట్టి పోల్చుకుంటాను. ఎవరూ రాని రోజు నేల కదలదు.

ఒక పని చేసిపెట్టు. మా తోడికోడలు స్వర్ణలత ఉంది కదా, మీ మామ తమ్ముని భార్య. దాని కోడలు కళ్యాణికి తొలి కాన్పు. పుట్టిల్లు మీ జగిత్యాలే. మీ దవాఖానలోనే చూపించుకుంటుందట. తారీకు ఎప్పుడు రాశారో కనుక్కో. స్వర్ణలతను అడిగితే, "నీకెందుకక్కా గా రంది" అంటుంది.

అత్త


జగిత్యాల
7 సెప్టెంబర్

అత్తా,

కోతికి కొబ్బరికాయ దొరికినట్టే అయింది నా పని. గది నిండా దారం ముక్కలే. అన్నంలో దారం, దుప్పట్లో దారం, నిన్న రిసెప్షన్‌లో ఒక పెద్దాయన నా జడలో నుంచి పసుపు దారం తీసి, "బిడ్డా, లగ్గమా" అని అడిగాడు. మొదటి పన్నెండు పూలు రాలిపోయాయి. పదమూడోది నిలబడింది.

అమ్మ పాత నీలం చీరకు గంజి పెట్టి గోడకు వేలాడదీశాను. ఇప్పుడు గోడ ఏడుపు నాకు కనపడదు. మహమూదా ఆంటీ పైకి వచ్చి చూసి, "మాషా అల్లా, కిరాయి రూము గాదు, పెండ్లి కూతురి రూము లెక్క జేసినవ్" అంది. కిందికి పోయి ఒక గోనె సంచి తెచ్చింది. నిండా పాత పెళ్ళి కార్డులు. వాటితో నక్షత్రాలు చేస్తాను. ఆమె ఒక్కటే షరతు పెట్టింది. "పైన బిస్మిల్లా ఉన్న ముక్క కత్తెర పెట్టకు. అది తీసి నాకియ్యి." మన కార్డుల మీద వినాయకుడిని కూడా అట్లాగే తీసి పక్కన పెట్టాను. ఇద్దరు దేవుళ్ళూ ఇప్పుడు ఒకే బిస్కెట్ డబ్బాలో ఉన్నారు.

కళ్యాణి వచ్చింది. బిడ్డ అడ్డంగా ఉందట, తిరగకపోతే ఆపరేషనే అంటోంది డాక్టరమ్మ. స్కానింగ్‌లో రాసిన తారీకు అక్టోబర్ ఇరవై.

ఇంకొకటి. ఈసారి దీపావళికి నేను సిరిసిల్ల వస్తాను. నీ గడప, నీ తోరణం, నీ దీపాలు చూడాలి. అంతదాకా ఆగలేను గానీ, పోయిన ఏడాది ఫోటో ఏదైనా ఉంటే పంపు. చూసి అట్లాగే చేస్తాను.

తేజు


సిరిసిల్ల
18 సెప్టెంబర్

తేజూ,

ఇరవయ్యా? సరిగ్గా చూశావా? మళ్ళీ ఒకసారి కాగితం చూసి, ఇరవయ్యే అయితే ఇరవై అని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయి. నా కళ్ళ మీద నాకు నమ్మకం లేదు.

నీ ఉత్తరం వచ్చిన రోజే కొత్త తోరణం మొదలుపెట్టాను. ఇరవై ఒక్క పువ్వులు. నారింజ దారం మంచిది దొరికింది, మగ్గాల సేటు వేస్టు కింద పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నాను. పూలకు నడుమ ఎర్ర దారంతో చిన్న మొగ్గలు పెడుతున్నాను. ఈ మధ్య చేతులు ఇంత చురుగ్గా ఆడలేదు. కళ్యాణికి బెల్లం, నువ్వులు ఎక్కువ తినొద్దని చెప్పు. మెట్లు ఎక్కొద్దని చెప్పు.

నా దగ్గర ఫోటోలు లేవు. దీపావళికి నువ్వు రాకు. బస్సులు కిక్కిరిసి ఉంటాయి, నీకు డ్యూటీ ఉంటుంది. కోరుట్ల పోయి మీ అమ్మానాన్నల దగ్గర చేసుకో. నేను తర్వాత రమ్మంటాను, అప్పుడు రా.

అత్త

పూలకు పలచని గంజి చిలకరిస్తే ఏడాది దాటినా వాడవు. పోయినసారి రాయడం మరిచాను.


జగిత్యాల
12 అక్టోబర్, ఆదివారం

అత్తా,

నీ ఉత్తరం చదివి చిన్నబుచ్చుకున్నాను. అందుకే ఇన్ని రోజులు రాయలేదు. రావొద్దని అంత సూటిగా ఎవరూ అనరు. కోరుట్లలో అన్నావదినలు, వాళ్ళ పిల్లలు, వాళ్ళ సందడి. అక్కడ నేను పండుగకు వచ్చిన చుట్టాన్ని. నీ దగ్గరైతే ఇద్దరం ఉంటాం, కూర్చుని పూలు కట్టుకుంటాం అనుకున్నాను. ఆదివారం సాయంత్రాలు ఈ గదిలో ఎట్లా గడుస్తాయో నీకు తెలియదు.

సరే, శుభవార్త చెబుతాను. కళ్యాణికి ఆపరేషన్ ఖాయమైంది. బిడ్డ తిరగలేదు. ఆ వారంలో ఏ రోజైనా ఫరవాలేదు అంది డాక్టరమ్మ. స్వర్ణలత చిన్నత్త క్యాలెండర్ పట్టుకుని నా కౌంటర్ దగ్గరికి వచ్చి, "ఇర్వై అమాస బిడ్డా. అమాస నాడు కాన్పయితే మంచిగుండదు. నువ్వు జెర డాక్టరమ్మకు చెప్పు" అని బతిమాలింది. పద్దెనిమిది ధనత్రయోదశి. ఆ రోజు థియేటర్ ఖాళీ లేదు. నేనే అటు మాట్లాడి, ఇటు మాట్లాడి, ఇంకొకరిని మధ్యాహ్నానికి జరిపి, పొద్దున తొమ్మిదిన్నరకు ఖాయం చేయించాను. చిన్నత్త నా చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది. నీ తోడికోడలు నన్ను మెచ్చుకుందంటే నువ్వు నమ్మవు.

పెళ్ళి కార్డులతో, నీ దారాలతో నేను కూడా ఒక తోరణం చేశాను. నీ అంత బాగా రాలేదు. ఎవరికి కట్టాలో తెలియడం లేదు.

తేజు


సిరిసిల్ల
15 అక్టోబర్

తేజూ,

ఉత్తరం అందింది. మంచి పని చేశావు. పద్దెనిమిది మంచి రోజు. తల్లీబిడ్డా క్షేమంగా ఉంటే చాలు.

నాకు కొంచెం నలతగా ఉంది, ఎక్కువ రాయలేను.

అత్త


జగిత్యాల
21 అక్టోబర్

అత్తా,

నిన్న నేను సిరిసిల్ల వచ్చాను. నీకు తెలుసు కదా వచ్చానని.

నలత అని రాశావు కాబట్టి ఆగలేకపోయాను. మధ్యాహ్నం డ్యూటీ దిగి బస్సెక్కితే, వేములవాడ దాటేసరికి పొద్దుగూకింది. మీ వాడకట్టంతా దీపాలు, పటాకులు. నీ ఇల్లొక్కటే చీకటి. గడప దగ్గర నీ చెప్పులున్నాయి. తలుపు తట్టాను. పిలిచాను. మళ్ళీ తట్టాను, అరచేయి మండేదాకా. పటాకుల వెలుగులో కిటికీ రెక్క సందులోంచి చూస్తే నువ్వు మంచం మీద కూర్చుని ఉన్నావు, ఇటు వీపు పెట్టి. నిద్రపోవడం లేదు. నీ చెయ్యి మోకాలి మీద కదులుతోంది.

తలుపు తడితే అరికాలుకు తెలుస్తుందని రాసింది నువ్వే. పాలామె చెయ్యి, పోస్టుమాన్ చెయ్యి పోల్చుకునేదానివి, నా చెయ్యి పోల్చుకోలేదా? లేక పోల్చుకునే తియ్యలేదా? రావొద్దన్నా వచ్చానని కోపమా? నేనేం తప్పు చేశానో చెప్పు. అరగంట నిలబడ్డాను. పక్కింటి పిల్లలు చిచ్చుబుడ్డి వెలిగించి, నన్ను జరగమన్నారు.

నా తోరణం వెంట తెచ్చాను. గుమ్మం పైన రెండు తుప్పు మొలలు కనిపించాయి, వాటికి కట్టేసి ఎనిమిది గంటల బస్సుకు వచ్చేశాను. వద్దనుకుంటే తీసి పారెయ్యి. ఇక మీద ఉత్తరాలు రాయాలో వద్దో నువ్వే చెప్పు.

తేజస్విని


సిరిసిల్ల
27 అక్టోబర్

నా తల్లీ తేజూ,

నాలుగు రోజులుగా నీ ఉత్తరం దిండు కింద ఉంది. జవాబు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. మొదట ఇది చెప్పనివ్వు. నువ్వు వచ్చావని నాకు తెలియదు బిడ్డా. ఆ సాయంత్రం వాడంతా పటాకులు. నేల, గోడ, మంచం కోళ్ళు అన్నీ అదురుతూనే ఉన్నాయి. అన్ని అదుర్లలో నీ చెయ్యి ఏదో నేనెట్లా పోల్చుకుంటాను? అరగంట నా గడపలో నిలబడి నువ్వు తిరిగిపోయావన్న ముక్క ఎన్నిసార్లు చదివానో.

ఇక చీకటి సంగతి. ఓదెలు మామ పోయింది దీపావళి నాడు. రెండువేల పద్నాలుగులో. నేను చేసిన తోరణం కట్టడానికి కొత్త మొలలు కొట్టి, ముక్కాలి పీట దిగి, "ఊర్మిలా, వంకర ఉన్నదా సూడు" అన్నాడు. నేను బయటికి వచ్చి చూసేలోగా ఛాతీ పట్టుకుని కూర్చుండిపోయాడు. నువ్వు చూసిన తుప్పు మొలలు అవే. మీ నాన్నకు కబురు చేయించింది నేనే. "తమ్మీ, పోరగాండ్లకు చెప్పకు, ఆళ్ళను పండుగ చేసుకోనియ్యి" అన్నాను. అందుకే ఆ రోజు నాన్న పనిమీద సిరిసిల్ల పోయాడనుకుని మీరు పటాకులు కాల్చుకున్నారు. రెండు రోజుల తర్వాత, మామ అప్పుడే పోయినట్టు చెప్పాడు. తప్పు మీది కాదు, ఆయనది కూడా కాదు.

పండుగ నాడు మనిషి పోతే ఆ ఇంటికి ఆ పండుగ పోతుంది. మళ్ళీ అదే పండుగ నాడు ఆ ఇంట్లో బిడ్డ పుట్టాలి, లేదంటే ఆవు ఈనాలి. అప్పుడే తిరిగి వస్తుంది. మాకు పిల్లలు లేరు. ఆవును కట్టేయడానికి చోటు లేదు. మా అత్త చంద్రవ్వ పెద్దల ముందు తీర్పు చెప్పింది. "చిన్నోని ఇంట్ల పోరగాండ్లున్నరు, ఆళ్ళు చేసుకోని. పెద్ద కోడలొక్కతి పండుగ వదిలితే చాలు. రేపు గా ఇంట్ల బిడ్డ పుట్టినా గీ ఇంట్ల పుట్టినట్టే, ఇంటి పేరు ఒక్కటే గదా." ముసలమ్మ పోయింది, మాట మిగిలింది. ఏటా దీపావళికి మీ నాన్న రమ్మంటాడు. నేను పోను. ఆ ఒక్క రోజు ఇల్లు విడిచిపోతే మీ మామ ఒంటరివాడైపోతాడని నాకొక పిచ్చి. దీపం పెట్టకుండా కూర్చుంటాను. చెయ్యి కదిలిందన్నావు కదా, ఒళ్ళో దారం ఉంటుంది. పూలు కట్టుకుంటూ ఉంటాను.

కళ్యాణికి ఇరవై అని నువ్వు రాసినప్పుడు నేను ఎంత సంబరపడ్డానో ఎవరికీ చెప్పలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, బిడ్డ పుట్టకముందే నేను తోరణం కట్టేశాను. నీకు రమ్మని చెప్పనిది కూడా అందుకే. పండుగ తిరిగి వచ్చాక పిలవాలనుకున్నాను. తర్వాత పద్దెనిమిది అని రాశావు. ఆ రోజు అన్నం సహించలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ నీ మీద కోపం రాలేదు. నీకేం తెలుసని? అమాస నాడు కాన్పు వద్దని ఎవరైనా అంటారు, నాకే మనవరాలైతే నేనూ అనేదాన్ని. నా గడపకు తోరణం కావాలి, బిడ్డను అమాసకు ఆపండి అని ఏ నోటితో అడుగుతాను? ఇది మనసులో పెట్టుకుని కుమిలిపోకు. నువ్వు నిలబడి చేయించిన పని వల్లే తల్లీబిడ్డా చల్లగా ఉన్నారు.

ఇప్పుడు తెల్లారి ఏం జరిగిందో విను. తలుపు తీసి కల్లాపి చల్లుదామని బయటికి వస్తే, మొహానికి పువ్వు తగిలింది. తలెత్తి చూస్తే తోరణం. పదకొండేళ్ళ తర్వాత ఆ మొలల మీద. ఎవరు కట్టారో తెలియలేదు. తర్వాత పువ్వు ముడి చూశాను. పళ్ళతో లాగిన ముడి. పెళ్ళి కార్డు నక్షత్రం రెక్క ఒకదాని మీద "చి.ల.సౌ." అని బంగారు అక్షరాలున్నాయి. నువ్వే అని తెలిసిపోయింది. వచ్చి వెళ్ళిపోయావని కూడా తెలిసింది.

అంతలో స్వర్ణలత వచ్చింది. దాని పెదవులు చదవడం నాకు అలవాటే. "ఏందక్కా గిది? పురుడచ్చిన ఇల్లు, అండ్ల పండుగ లేని ఇల్లు. తోరణమెవలు కట్టిండ్రు?" అంది.

తేజు కట్టింది, దానికి తెలియదు అని చెప్పి తీసేస్తే అయిపోయేది. పదకొండేళ్ళుగా అట్లా సర్దుకుపోవడమే నాకు తెలిసింది. ఆ పొద్దున నోరు అట్లా తిరగలేదు. "నేనే కట్టుకున్న" అన్నాను.

"నీకు పండుగ యాడికెళ్ళి అచ్చిందక్కా? పోరి పద్దెనిమిదికి పుట్టె."

"డాక్టరమ్మ కాయితం మీద రాసింది ఇర్వై. దేవుడు పెట్టిన తారీకు గది. మనమే రెండు దినాలు ముందుకు జరుపుకున్నం. పోరిని జరుపుకున్నోళ్ళం, నా పండుగను జరుపుకోవద్దా?"

నా గొంతు నాకు వినపడదు కాబట్టి ఎంత గట్టిగా అన్నానో తెలియదు. ఎదురింటామె చీపురు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. స్వర్ణలత గడప పక్క అరుగు మీద కూర్చుంది. పురుటి మైల వచ్చింది కదా, ఈసారి వాళ్ళింట్లో కూడా దీపాలు పెట్టలేదు. "నిన్న ఒక్క దినం ఇల్లు చీకటున్నందుకే నాకు పానం ఉసూరుమన్నదక్కా" అంది. ఇంకేదో కూడా అంది గానీ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నాకు తెలియలేదు. పోయేముందు మా ముక్కాలి పీట తెచ్చుకుని ఎక్కి, ఒక పక్కకు జారిన నీ తోరణాన్ని సరిచేసింది.

ఈ ఉత్తరంతో పాటు బస్సులో ఒక మూట వస్తుంది, స్టాండుకు పోయి తీసుకో. ఏటా రెండు తోరణాలు చేసేదాన్ని. ఒకటి మీ ఇంటికి పంపి, ఒకటి పెట్టెలో పెట్టేదాన్ని. ఈ ఏటిదాంతో కలిపి పదకొండు ఉన్నాయి. అడుగునవి రంగు వెలిశాయి, పైనవి బాగున్నాయి. ఇరవై ఒకటో రోజున కళ్యాణి బిడ్డకు తొట్లె వేస్తారు. ఎర్ర మొగ్గలు ఉన్నది ఆ తొట్లెకు కట్టు. మహమూదా బేగానికి ఏది నచ్చితే అది ఇవ్వు. మిగిలినవి నీ చెమ్మ గోడకు వేసుకో. ఆదివారం సాయంత్రాలు నాకు తెలియవన్నావు. నాకు బాగా తెలుసు బిడ్డా.

నీది మాత్రం పంపడం లేదు. అది మొలల మీదే ఉంది. వచ్చే దీపావళికి రా. పటాకులు కాలుస్తుంటారు కాబట్టి నువ్వు తట్టినా నాకు తెలియదు. తలుపు తీసే పెడతాను.

నీ అత్త,
ఊర్మిల